క్రొత్త ఆటగాని విలువ కట్టుట



క్రీడారంగమున అడుగిడిన తొలియేటనే ఒక యువకుని రాబోవు పదేండ్ల జీవితమునకు వెల కట్టవలసి వచ్చినచో, ఆ వెలను దేనినిబట్టి నిర్ణయింపవలెను అను విషయమును గూర్చి నేడు కొంత ముచ్చటింప దలచితిని. ప్రశ్న నాది కాదు. సముద్రములు దాటి వచ్చినది. డాలస్ నగరమున సాఫ్ట్‌వేర్ ఉద్యోగము చేసికొనుచు, పగలు ఆఫీసును, రాత్రి అమెరికన్ ఫుట్‌బాల్‌ను సమానమైన శ్రద్ధతో సేవించుచున్న మా మేనల్లుడు, తన మిత్రులతో కలిసి ఆడు ఒక ఊహాక్రీడలో, కళాశాలనుండి అప్పుడే వెలికి వచ్చిన ఒక వైడ్ రిసీవర్‌ను ఎంతకు తీసికొనవచ్చునో చెప్పుమని నన్నడిగినాడు. అమెరికన్ ఫుట్‌బాల్ యొక్క ఓనమాలైనను సరిగా రాని నన్ను ఇట్లు అడుగుటకు కారణమేమనగా, నేను నాచారములో కాపురమున్నవాడను. ఉప్పల్ స్టేడియమునకు కూతవేటు దూరమున ఇన్నేండ్లుండి, క్రొత్త ఆటగాండ్ల ఉదయాస్తమయములను గూర్చి ఏమియు నేర్వకుండుట అసాధ్యమని అతని విశ్వాసము. ఆ విశ్వాసము పూర్తిగా నిరాధారమని నేననను.

మొదట ఆ ఆట స్వరూపము చెప్పవలెను. ఫాంటసీ ఫుట్‌బాల్ అనగా, పదిపన్నెండుగురు మిత్రులు కూడి, నిజముగా ఆడుచున్న ఆటగాండ్లను తమలో తాము పంచుకొని, మైదానమున వారు సాధించిన గజములకును, గోల్ గీత దాటి బంతి చేర్చిన టచ్‌డౌన్‌లకును అంకెలు వేసికొని, ఎవరి కాగితపు జట్టు అధికమైన పాయింట్లు తెచ్చుకొన్నదో చూచుకొను ఆట. సామాన్యముగా ఏటేటను జట్లను రద్దుచేసి మరల క్రొత్తగా ఎన్నుకొందురు. డైనస్టీ అను పద్ధతిలో మాత్రము రద్దు లేదు. ఒకసారి చేతికి చిక్కిన ఆటగాడు, అమ్ముకొన్ననే తప్ప, ఆట మానునంతవరకు మనవాడే. ఏటేట క్రొత్తగా పంచుకొనునది ఆ ఏడు లీగులో ప్రవేశించిన రూకీలను మాత్రమే. కడపటి స్థానమున నిలిచినవాడు మొదట ఎన్నుకొనును. కావున నేటి పాయింట్లకంటె రేపటి పాయింట్లకు అచ్చట వెల ఎక్కువ. ఇరువదియొకటేండ్ల కుర్రవాడొకడు, ముప్పదేండ్ల మహావీరునికంటె ప్రియముగా పోవుచుండును.

ఇక వైడ్ రిసీవర్ అనువాడు ఎవడు? జట్టుకు అంచున నిలిచి, ముందుగా నిర్ణయించుకొన్న దారిలో పరుగెత్తి, క్వార్టర్ బ్యాక్ విసరిన బంతిని అందుకొనువాడు. ఇతడెంత వేగముగా పరుగెత్తినను, ప్రత్యర్థిని ఎంత చక్కగా ఏమార్చినను, బంతి విసరువాడు ఇతనివైపు చూడకపోయినచో ఆ శ్రమ యావత్తు లెక్కలో సున్న. ఇతర స్థానములలో ఆడువారికిని పరాధీనత కలదు గాని, ఇంతటి పరాధీనత లేదు. అందుచేతనే ఆ విద్య తెలిసినవారు రూకీ రిసీవర్‌ను చూచునప్పుడు, ఎన్ని గజములు తెచ్చినాడని అడుగుటకు ముందు, ఎన్ని బంతులు అతనివైపు విసరబడినవి అని అడుగుదురు. వాటిని టార్గెట్లందురు. జట్టు విసరిన బంతులలో ఇతని పాలెంత అనునది, చేతికి చిక్కిన గజములకంటె నమ్మదగిన సాక్ష్యము.

ఐనను లోకము తొలుత చూచునది వేగమునే. 2017లో జాన్ రాస్ అనువాడు నలువది గజముల దూరమును 4.22 సెకండ్లలో పరుగెత్తగా, ఆ అంకె దేశమంతట మారుమ్రోగినది. కళాశాలలనుండి వచ్చు క్రొత్తవారిని జట్లు వంతులవారీగా ఎన్నుకొను డ్రాఫ్టులో సిన్సినాటి జట్టు అతనిని తొమ్మిదవ ఎంపికగా స్వీకరించినది. మొదటి ఏడాది అతడు అందుకొన్న పాసులు ఒక్కటియు లేవు. 2020లో ఫిలడెల్ఫియావారు ఇరువదియొకటవ ఎంపికగా జేలెన్ రేగర్‌ను తీసికొనగా, ఆ వెంటనే, ఇరువదిరెండవ ఎంపికగా, మినెసోటావారు జస్టిన్ జెఫర్సన్‌ను తీసికొనిరి. జెఫర్సన్ ఆ ఏటనే 1,400 గజములు తెచ్చెను. రెండేండ్లు గడచిన పిమ్మట ఫిలడెల్ఫియావారు రేగర్‌ను వదలించుకొనిరి, ఎవరికి ఇచ్చిరనుకొన్నారు? మినెసోటా వారికే! విధి పరిహాసము చేయదలచినప్పుడు కవులకంటె చక్కగా చేయును.

దీనికి విపర్యాసముగా, 2023లో పూకా నకూవా అనువాడు ఐదవ విడతలో, నూటడెబ్బదియేడవ ఎంపికగా, ఎవ్వరు పట్టించుకొనని మూలనుండి వచ్చి, 105 పాసులు అందుకొని, 1,486 గజములతో రూకీలందరి రికార్డులను బద్దలు చేసెను. ప్రతిభ లేదని ఎవడనగలడు? కాని ఆ సీజను ఆరంభమున ఆ జట్టు ప్రధాన రిసీవర్ కూపర్ కప్ గాయపడి నాలుగు మ్యాచ్‌లకు దూరమైనాడనియు, ఆ ఖాళీలో బంతులన్నియు ఈ కుర్రవానివైపు మళ్లినవనియు మరువరాదు. ఇంకొకడు డెవాంటె ఆడమ్స్. 2014లో రెండవ విడతలో ఎంపికై, మొదటి ఏట 446, రెండవ ఏట 483 గజములు మాత్రమే తెచ్చి, వీనివలన ఏమియు కాదని పలువురు చేతులు కడుగుకొనిన పిమ్మట, మూడవ ఏట 997 గజములును, 12 టచ్‌డౌన్‌లును సాధించి, ఆపైన తన కాలపు శ్రేష్ఠులలో ఒకడుగా నిలిచెను. రెండేండ్ల చివర అతనిని అమ్ముకొన్నవారి దుఃఖము నేను వర్ణింపనక్కరలేదు.

ఇంతవరకు పరదేశపు కథ. ఇక మన ఉప్పల్‌కు వత్తము.

నాచారపు పారిశ్రామికవాడలో రాత్రి షిఫ్టునకు పోవువారికిని, హెచ్.ఎం.టి. నగర్ మేడలపై చల్లగాలికి కూర్చుండువారికిని, హబ్సిగూడ నుండి ఉప్పల్ వరకు నత్తనడక నడచు వాహనములలో చిక్కుకొన్నవారికిని, రాజీవ్ గాంధీ అంతర్జాతీయ క్రికెట్ స్టేడియపు దీపస్తంభములు వెలిగిన రాత్రులు అపరిచితములు కావు. 2005 నవంబరు 16న భారత దక్షిణాఫ్రికా జట్ల మధ్య అచ్చట మొదటి అంతర్జాతీయ వన్‌డే జరిగినది మొదలు, ముఖ్యముగా 2008లో ఐపీఎల్ ఆరంభమైన పిమ్మట, ఈ ప్రాంతము క్రొత్త ఆటగాండ్లను పరీక్షించు ఒక పెద్ద రంగస్థలమైనది. అమెరికాలో ఊహాక్రీడగా జరుగుచున్న వ్యవహారమే ఇచ్చట నిజమైన కోట్లతో జరుగుచున్నది. ఏలననగా ఐపీఎల్ నియమములు డైనస్టీ నియమములకు దగ్గరి చుట్టములు: వేలములో కొన్నవానిని ఏటేట నిలుపుకొనవచ్చును, మూడు నాలుగేండ్లకొకసారి వచ్చు మహావేలమునకు ముందు మాత్రము, నియమము అనుమతించిన కొద్దిమందిని అట్టిపెట్టుకొని, తక్కినవారినందరిని వదలివేయవలెను. కావున ఇచ్చటి వంశపాలన శాశ్వతము కాదు. కౌలుదారుని సేద్యము వంటిది కాకపోయినను, నిజమైన స్వామ్యము మాత్రము కాదు. ఈ భేదమొక్కటి మనస్సున ఉంచుకొన్నచో తక్కిన పోలికలన్నియు చక్కగా కుదురును.

క్రికెట్‌లో వైడ్ రిసీవర్ వంటివాడెవడని మా మేనల్లుడు అడిగినప్పుడు నేను క్షణమైన ఆలోచింపక, ఇరువది ఓవర్ల ఆటలో మధ్యవరుస బ్యాటర్ అని చెప్పితిని. ఆటలో ఉన్న బంతులు నూటయిరువది. ఓపెనర్లు నిలిచి ఆడినచో అయిదవ, ఆరవ స్థానములవారికి మిగులునవి పదియో పండ్రెండో. పెండ్లివిందులో కడపటి పంక్తిన కూర్చున్నవానికి బూరెలు మిగులునో, పులుసు మాత్రమే మిగులునో ముందరి పంక్తులవారి ఆకలిపై ఆధారపడి ఉన్నట్లు. అట్టివాడు సీజను చివర నూటయేబది పరుగులు చేసినాడని చూచి, వీడు పనికిరాడని తీర్పు చెప్పు విమర్శకుడు, అతనికి వడ్డింపబడిన బంతులను లెక్కింపలేదన్నమాట.

ఈ మాటకు ఉప్పల్ చూపు సాక్ష్యము అభిషేక్ శర్మ. పంజాబువాడు; 2018లో ఢిల్లీ పక్షమున తొలి మ్యాచ్‌లోనే 19 బంతులలో 46 పరుగులు చేసి అజేయుడుగా నిలిచినవాడు. శిఖర్ ధావన్‌ను ఢిల్లీకి ఇచ్చి మన హైదరాబాదు జట్టైన సన్‌రైజర్స్‌వారు పుచ్చుకొన్న ముగ్గురిలో ఇతడొకడు. 2019 నుండి 2021 వరకు మూడు సీజనులలో ఇతనికి దక్కిన మ్యాచ్‌లు ఇరువదికి మించలేదు. దక్కినవానిలోను ఎక్కువసార్లు క్రింది వరుసలో, నాలుగు బంతులు మిగిలినప్పుడు, వచ్చుట, కొట్టబోవుట, అవుటగుట. ఆ మూడేండ్ల గణాంకములు మాత్రమే చేతబట్టుకొని చూచినవాడు ఇతనిని 2022 మహావేలములో ఆరున్నర కోట్లకు కొనునా? సన్‌రైజర్స్‌వారు కొనిరి, కొని ఓపెనర్‌గా పంపిరి. ఆ ఏడు 426 పరుగులు వచ్చినవి. 2023లో మరల 226కు పడిపోయెను. పడిపోయినను విడువలేదు. 2024లో 484 పరుగులు, 42 సిక్సర్లు; ఆ సీజనులో అంతకంటె ఎక్కువ సిక్సర్లు కొట్టినవాడు లేడు. ఆ సంవత్సరము మే 8న ఉప్పల్‌లో, లక్నోవారు ఉంచిన 166 పరుగుల లక్ష్యమును ట్రావిస్ హెడ్‌తో కలిసి వికెట్ పోకుండ 9.4 ఓవర్లలో ముగించిన రాత్రి, దూరమునుండి వచ్చు అభిమానులు పలువురు స్టేడియము చేరునప్పటికే ఆట అయిపోయినదని మా వీధిలో చెప్పుకొని నవ్వుకొనిరి.

అదే సంవత్సరము జూలైలో జట్ల యజమానుల సమావేశమున, యువకులు పండుటకు కాలము పట్టుననియు, అభిషేక్ కుదురుకొనుటకు మూడేండ్లు పట్టినదనియు సన్‌రైజర్స్ యజమానురాలు కావ్య మారన్ వాదించినట్లు వార్తలు వచ్చినవి. వేలముల నియమావళిని గూర్చి చెప్పిన మాట అది. కాని డైనస్టీ ఆటగాండ్లు తమ గోడపై వ్రాసికొనదగిన మాట.

2025లో కథ ఇంకొక మలుపు తిరిగినది. పదునాలుగు కోట్లకు నిలుపుకొన్న ఈ అభిషేక్, మొదటి అయిదు ఇన్నింగ్స్‌లలో చేసిన మొత్తము 51 పరుగులు. చావడిలో, చాయ్ బండ్లకడ, ఎక్కడ విన్నను ఇతనిపై నిందలే. ఏప్రిల్ 12న ఉప్పల్‌లో పంజాబువారు 245 పరుగులు చేయగా, ఇతడు 55 బంతులలో 141 పరుగులు చేసి, శతకము పూర్తియైన తోడనే జేబునుండి ఒక చీటి తీసి అభిమానులకు చూపినాడు. ఐపీఎల్‌లో అప్పటివరకు ఒక భారతీయుడు ఒక ఇన్నింగ్స్‌లో చేసిన అత్యధిక స్కోరు అది. ఏప్రిల్ 11న ఇతనికి వెల కట్టినవాని లెక్కకును, 13న కట్టినవాని లెక్కకును మధ్య ఎంత అంతరమున్నను, ఆ రెండు దినముల మధ్య ఆటగాని ప్రతిభలో వచ్చిన మార్పు ఏమియు లేదు. మారినది చూచువారి ధైర్యము.

మనవాడైన నితీశ్ కుమార్ రెడ్డి సంగతి ఇంకను చిక్కైనది. విశాఖపట్టణమువాడు, కుమారుని ఆటకొరకు తండ్రి హిందుస్థాన్ జింక్‌లోని ఉద్యోగమును వదలుకొన్న సంగతి లోకవిదితము. 2017-18 విజయ్ మర్చంట్ ట్రోఫీలో, పదునారేండ్ల లోపు బాలుర ఆటలో, నాగాలాండ్‌పై 345 బంతులలో 441 పరుగులతో సహా ఆ సీజనున 1,237 పరుగులు చేసినవాడు. ఇట్టి అంకెలను చూచినప్పుడు రెండు తప్పులకు అవకాశము కలదు. ప్రత్యర్థి బలహీనమని వాటిని త్రోసివేయుట మొదటిది. అవే అంకెలు పెద్దలలోను వచ్చునని ఆశించుట రెండవది. నా దృష్టిలో అట్టి అంకె చెప్పునది ఒక్కటే: తన యీడువారికంటె ఇతడు చాల ముందున్నాడు, చాల త్వరగా ముందున్నాడు. అమెరికావారు రిసీవర్ ఎంత చిన్న వయస్సున కళాశాలలో వెలుగులోనికి వచ్చినాడని అడుగుటలోని మర్మమును ఇదియే.

సన్‌రైజర్స్‌వారిచే 20 లక్షలకు కొనబడిన నితీశ్, 2023లో రెండు మ్యాచ్‌లు ఆడియు ఒక్కసారియైన బ్యాట్ పట్టలేదు. అనగా టార్గెట్లు సున్న. 2024లో ముల్లన్‌పూర్‌లో, వికెట్లు వరుసగా కూలిన వేళ నాలుగవ స్థానమున వచ్చి, 37 బంతులలో 64 పరుగులు చేసెను. రెండు పరుగుల తేడాతో గెలిచిన మ్యాచ్ అది. ఆ సీజనున 303 పరుగులు, వర్ధమాన ఆటగాడను పురస్కారము, భారతజట్టులో స్థానము, డిసెంబరులో మెల్‌బోర్న్ టెస్టులో ఎనిమిదవ స్థానమున వచ్చి చేసిన 114 పరుగులు. ఇరువదియొకటేండ్ల వయస్సున ఇంతకంటె ఏమి కావలెను? ఆరు కోట్లకు నిలుపుకొన్నారు. పిమ్మట ప్రక్కటెముకల కండరమునకు గాయము, బౌలింగ్ తగ్గుట, 2025 ఐపీఎల్‌లో 182 పరుగులు. ఇప్పుడతని వెల పడిపోయినదందురు. గాయము వలన బంతి విసరుట తగ్గిన ఆల్‌రౌండర్‌ను శుద్ధ బ్యాటర్ కొలతతో కొలచుచున్నారని నా అభ్యంతరము. ఇతని విలువలో సగము ఆ కుడిచేతి మీడియం పేస్‌లో ఉన్నది. అది తిరిగి వచ్చునో రాదో చూడకుండ తీర్పు చెప్పుట తొందరపాటు.

తిలక్ వర్మను గూర్చి చెప్పునప్పుడు హైదరాబాదువారికి ఒకింత నిట్టూర్పు తప్పదు. ఊరు మనది, జట్టు ముంబయిది. ఎలక్ట్రీషియన్ కుమారుడైన ఈ ఎడమచేతి బ్యాటర్‌ను 2022 వేలములో ముంబయివారు 1.7 కోట్లకు కొనిరి. ఆ ఏడు ముంబయి జట్టు పట్టికలో అట్టడుగున నిలిచెను. ఆ దురదృష్టమే ఇతనికి అదృష్టమైనది. పై వరుస కూలుచుండుటచే బంతులు దక్కెను. పదునాలుగు మ్యాచ్‌లలోను ఆడి 397 పరుగులు చేసెను. మంచి జట్టులో చేరిన రూకీకంటె, చెడ్డ జట్టులో ఖాళీ దొరకిన రూకీ తొలియేట ఎక్కువ లాభించుటకు ఇదియే నిదర్శనము. ఐతే ఖాళీలో వచ్చిన ఫలితము ఖాళీ నిండిన పిమ్మటను నిలుచునా అని రెండవ, మూడవ యేట చూడవలెను. తిలక్‌కు నిలిచినది: 343, 416. ఎనిమిది కోట్లకు నిలుపుకొన్నారు. 2025 ఏప్రిల్ 4న లక్నోలో, పరుగులు వేగముగా వచ్చుట లేదని, 23 బంతులలో 25 పరుగులతో ఆడుచున్న ఇతనిని ఆట మధ్యలో వెనుకకు పిలిపించిరి. ఎంతటి అవమానము! మూడు దినములకు బెంగళూరుపై 29 బంతులలో 56. సెప్టెంబరు 28న దుబాయ్‌లో ఆసియా కప్ ఫైనల్‌లో, 20 పరుగులకు మూడు వికెట్లు పోయిన స్థితిలో నిలిచి, 69 పరుగులతో అజేయుడై పాకిస్తాన్‌పై కప్పు గెలిపించెను. ఏప్రిల్ 5వ తేదీన ఇతనిని ఎవడైన అగ్గువకు అమ్మియుండినచో, వానిని తలచుకొని ఇప్పటికిని జాలిపడవలసినదే.

వయస్సును గూర్చి ఒక హెచ్చరిక. చిన్న వయస్సు శుభలక్షణమే. భరోసా పత్రము మాత్రము కాదు. 2002 నవంబరులో, పదునేడేండ్లు నిండీ నిండని అంబటి రాయుడు, ఆంధ్రపై రంజీ మ్యాచ్‌లో ఒక ఇన్నింగ్స్‌లో 210, రెండవదానిలో అజేయముగా 159 పరుగులు చేసినప్పుడు, ఇక భారతజట్టులో చోటు రేపో ఎల్లుండో అని హైదరాబాదంతయు అనుకొన్నది. అతడు భారతదేశము తరపున మొదటి వన్‌డే ఆడినది 2013లో. మధ్యలోని వివాదములు, జట్లు మారుటలు, బోర్డు గుర్తింపు లేని లీగైన ఐసీఎల్‌లో చేరుట వంటివి వేరొక ప్రసంగమునకు సరిపోవును. అతడు పిమ్మట ఐపీఎల్‌లో ఆరు టైటిళ్లు గెలిచిన జట్లలో ఉన్నాడు. అందులో ఒక్కటియు హైదరాబాదు జట్టు కాదు.

ఈ విషయము నన్ను నేటి ప్రసంగములో అన్నిటికంటె ముఖ్యమని నేననుకొను మాటకు తెచ్చుచున్నది. క్రొత్తవానిని గుర్తించుట సగము పని; పట్టుకొని ఉండుట తక్కిన సగము. ఉప్పల్ మొదటి సగములో ఎప్పుడును గొప్పదే. 2008లో నాటి హైదరాబాదు జట్టైన దక్కన్ చార్జర్స్‌వారు ఇరువదేండ్ల రోహిత్ శర్మను ఏడున్నర లక్షల డాలర్లకు కొనిరి. విశాఖ ఆడపడుచు కుమారుడు. మూడు సీజనులలో వరుసగా 404, 362, 404 పరుగులు చేసెను. 2009లో కప్పు గెలిచిన జట్టులో ప్రధానుడు. 2011 వేలమునకు ముందు దక్కన్ చార్జర్స్‌వారు ఎవ్వరిని నిలుపుకొనలేదు. రోహిత్ ఇరువది లక్షల డాలర్లకు ముంబయి చేరి, ఆ జట్టునకు నాయకుడై అయిదు కప్పులు తెచ్చెను. దక్కన్ చార్జర్స్ 2012తో అంతరించెను.

రెండవ ఉదాహరణము ఇంకను తీక్ష్ణమైనది. 2017లో సన్‌రైజర్స్‌వారు పదునెనిమిదేండ్ల ఆఫ్ఘన్ బాలుడు రషీద్ ఖాన్‌ను నాలుగు కోట్లకు కొనినప్పుడు నవ్వినవారు కలరు. అతడు తొలి సీజనుననే 17 వికెట్లు తీసెను. 2022 మహావేలమునకు ముందు ప్రకటించిన, నిలుపుకొన్నవారి జాబితాలో రషీద్ పేరు లేదు. ఉన్న పేర్లు కేన్ విలియమ్సన్, అబ్దుల్ సమద్, ఉమ్రాన్ మలిక్. ఉమ్రాన్ అప్పటికి ఆడినవి మూడు మ్యాచ్‌లు. కాని గంటకు నూటయేబది కిలోమీటర్లు దాటి బంతి విసరును. జాన్ రాస్ పరుగును చూచి సిన్సినాటి మురిసినట్లే మనమును మురిసితిమి. నిజము చెప్పవలెనన్నచో మొదటి ఏడు మన మురిపెము ఫలించినట్లే తోచెను: 22 వికెట్లు, వర్ధమాన ఆటగాడను పురస్కారము, 157 కిలోమీటర్ల బంతి. కాని ఓవరుకు తొమ్మిది పరుగులు మించి సమర్పించుకొన్న సంగతిని ఆ కోలాహలములో లెక్కపెట్టినవారు తక్కువ. 2023లో అయిదు వికెట్లు. 2024లో ఒక్క మ్యాచ్. పిదప 75 లక్షలకు కోల్‌కతా. రషీద్ మాత్రము 2022లోనే 15 కోట్లకు గుజరాత్ చేరి, ఆ ఏటనే కప్పు ఎత్తెను. వేగము కంటికి కనబడు గుణము. నియంత్రణము ఓపికతో వెదకిననే గాని కనబడదు. అందుచేతనే అంగడిలో మొదటిదానికి ఎప్పుడును వెల ఎక్కువ, రెండవదానికి తక్కువ.

ఆటోడ్రైవర్ కుమారుడైన మన మహమ్మద్ సిరాజ్‌ను సన్‌రైజర్స్‌వారు 2017లో 2.6 కోట్లకు కొని, ఆ ఏడు ఆరు మ్యాచ్‌లలో పది వికెట్లు తీసిన పిమ్మట, 2018లో బెంగళూరువారికి పోనిచ్చిరి. 2025 ఏప్రిల్ 6న అతడు గుజరాత్ దుస్తులలో ఉప్పల్ వచ్చి, 17 పరుగులకు నాలుగు వికెట్లు తీసి మనలనే ఓడించెను. స్టేడియము సగము అతనికే చప్పట్లు కొట్టినది. కొట్టక ఏమి చేయును?

ఇచ్చట ఒక చిన్న మాట చెప్పక తప్పదు. ఈ ఊహాక్రీడలలో డబ్బు పందెముగా పెట్టుటను తెలంగాణ ప్రభుత్వము 2017లోనే చట్టము సవరించి నిషేధించెను. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికిని అట్టి చట్టమునే చేసెను. మంచి పని జరిగినదని నా అభిప్రాయము. పందెము ప్రవేశించిన క్షణమున ఓపిక నిష్క్రమించును. రేపటి మ్యాచ్‌లో ఎవడు పాయింట్లు తెచ్చునన్న ఆత్రుత తప్ప, మూడేండ్లకు ఎవడు పండునన్న విచారణ మిగులదు. నాచారములో మా వీధి పిల్లలు ఇప్పుడు నోటుపుస్తకములో గీతలు గీసికొని, ఓడినవాడు అందరికి ఉస్మానియా బిస్కెట్లును చాయ్‌యు ఇప్పించవలెనను ఒప్పందముతో ఆడుచున్నారు. వారిలో పదమూడేండ్ల వాడొకడు, అనికేత్ వర్మను సన్‌రైజర్స్‌వారు 30 లక్షలకు కొన్న నాడే తన పుస్తకములో వ్రాసికొని, విశాఖలో ఢిల్లీపై అతడు 41 బంతులలో 74 కొట్టిన సాయంకాలము వీధియంతయు ఊరేగినాడు. ఆ బాలునికి నేను చెప్పగలిగినది ఏమియు లేదు. అతనినుండి నేర్వవలసినదే కలదు.

ఇక మా మేనల్లునికి నేను వ్రాసిన సమాధానము. ఆ కుర్ర రిసీవర్ పరుగుపందెపు కాలమును ప్రక్కన పెట్టుము. ఎన్నవ ఎంపికగా తీసికొనిరో చూడుము. అది ప్రతిభకు కొలత కాకపోయినను, జట్టు అతనిపై ఎంత పెట్టుబడి పెట్టినదో, ఎన్నాళ్లు తప్పులు సహించునో దానివలన తెలియును. అతనికి ముందు వరుసలో ఎవరున్నారు, వారి వయస్సెంత, బంతి విసరువాడు ఎట్టివాడు, ఇవి విచారింపుము. తొలియేట గజములు తక్కువైనను టార్గెట్లు పెరుగుచున్నచో వదలకుము. టార్గెట్లు తక్కువయై ఒకటి రెండు మెరుపు టచ్‌డౌన్‌లతో పేరు వచ్చినచో, ఆ పేరు మాయకముందే అమ్ముము. రెండవయేట నిరాశపడి ఎవడైన వదలివేయుచున్న ఆటగాడు అగ్గువకు దొరకినచో, రూకీకంటె అతనినే ముందు కొనుము. వాని వెల పడిపోయిన మాట నిజమే గాని, వాని కాళ్లు చేతులు నిరుడు ఉన్నట్లే ఉన్నవి.

నితీశ్ రెడ్డి, తిలక్ వర్మలను నీ పట్టికలో ఎక్కడ పెట్టుదువని అతడు మరల అడిగినాడు. తిలక్‌ను ఏ వెలకును అమ్మను. నితీశ్ మరల పూర్తి నాలుగు ఓవర్లు వేయగల స్థితికి వచ్చునంతవరకు ఒక రెండు సీజనులు ఎదురుచూతును. 2003లో పుట్టినవానికి అంతమాత్రపు గడువు ఇవ్వలేనివాడు డైనస్టీ ఆటకు దిగకుండుటయే మేలు.